ముక్కు తిరగని స్విఫ్టుకి ముందు ఏం మార్చాలి?

పాఠకుల ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కారు ముందు చక్రాల చుట్టూనే తిరిగాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తినప్పటి నుంచి హైదరాబాద్ ఉత్తరాలు ఎక్కువయ్యాయి, నాకు సంతోషమే. మొదటి ఉత్తరానికి చోటు బాగా ఇచ్చాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, వాళ్ల జవాబు సగం అందులోనే ఉంది.

ప్రశ్న: నాది 2012 మోడల్ స్విఫ్ట్ వీఎక్స్ఐ, పెట్రోల్. 96 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు ఆటోక్రాస్‌లలో (కోన్ల మధ్య టైముకి పరిగెత్తే పోటీల్లో) దిగాను. వచ్చే ఏడాది శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద నడపాలని కోరిక. మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు బయటికే పోతోంది. ముందు టైర్ల బయటి అంచులు నున్నగా అరిగిపోయాయి. ఎడమవైపు స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమంటోంది. ఒక షాపువాళ్లు కాయిలోవర్లు (స్ప్రింగు, షాకబ్జరు కలిసి వచ్చే, ఎత్తు సర్దుకునే సెట్టు), లావు స్టెబిలైజర్ బార్ (మలుపులో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ), స్ట్రట్ బార్ (బానెట్ కింద రెండు స్ట్రట్‌ల తలల్ని కలిపే కడ్డీ), 17 అంగుళాల అల్లాయ్ వీల్స్ కలిపి లిస్టు రాసిచ్చారు. నా దగ్గర 70 వేలు ఉన్నాయి. రోజూ ఆఫీసుకీ ఇదే కారు. ముందు ఏది కొనాలి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఆ లిస్టు మడిచి డాష్‌బోర్డు అరలో పెట్టండి. మీ ఉత్తరంలో షాపువాళ్లు పట్టించుకోని మాటలు రెండున్నాయి: టైరు బయటి అంచు అరగడం, ఎడమవైపు టక్కుమనడం. జవాబు ఆ రెంటిలోనే ఉంది.

ముందు ఆ టక్కు సంగతి. రబ్బరుకి కిలోమీటర్లతో పాటు వయసు కూడా ఉంటుంది. 2012 నుంచి ఎండలో, వానలో, మన గుంతల్లో నలిగిన లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చెయ్యి) బుష్షులు, అంటే దాని కీళ్ల రబ్బర్లు, స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జరు కలిసిన నిలువు కాలు) పైన ఉండే మౌంట్ రబ్బర్లు ఇంకా బాగున్నాయంటే నేను నమ్మను. ముందు భాగం జాకీ మీద లేపి, స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ పోయినట్టు. కుడి ఎడమల పట్టుకుని ఊపితే ఆడిందా, టై రాడ్ ఎండ్ గానీ ర్యాక్ ఎండ్ గానీ. తర్వాత గడ్డపలుగు లాంటి పొడుగు రాడ్డుతో లోయర్ ఆర్మ్ వెనక బుష్షు దగ్గర మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు పగులు నోరు తెరిస్తే అదే దొంగ. స్టెబిలైజర్ బార్ కొసని పట్టుకునే లింక్ రాడ్ చేత్తో ఆడించినా తెలిసిపోతుంది. చివరగా బండి నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మీరు స్ప్రింగు మీద చెయ్యి వేసి ఉంచండి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా ఆగి ఆగి ఎగిరితే పై మౌంట్‌లో బేరింగ్ పట్టేసినట్టు.

ఇవి ఎందుకు ముందంటే, బుష్షు వదులైతే బ్రేకు కొట్టగానే చక్రం వెనక్కి జరుగుతుంది, టో (పైనుంచి చూస్తే చక్రం ముందు కొస లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది. మీరు ఎంత ఖరీదైన కాయిలోవర్ బిగించినా, దాని కింద ఆర్మ్ గుమ్మానికి వదులైన తలుపులా ఊగుతుంటే ఫలితం ఉండదు. కంపెనీ లోయర్ ఆర్మ్‌లు జత, పై మౌంట్‌లు జత, లింక్ రాడ్‌లు జత. ఎడమ పోతే ఎడమ ఒక్కటే మార్చి పంపే మేస్త్రీ దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. ఇది నా తల మీద పడిన రాయి కాబట్టి చెబుతున్నాను. 2001లో చెన్నైలో ఒక గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. ఒక కస్టమరు ఎస్టీమ్‌తో రేసుకి దిగుతున్నాడు. శుక్రవారం రాత్రి ర్యాంపు మీద కొత్త బుష్షులు వేశాను. చక్రాలు కిందికి వేలాడుతుండగానే బోల్టులు టైట్ చేసి, టీ తాగి పడుకున్నాను. శనివారం ప్రాక్టీసులో ఆయన "ముందు భాగం ఎత్తుగా ఉందేంటి, కూర్చోవట్లేదు" అన్నాడు. కొత్తవి కదా, సర్దుకుంటాయి అన్నాను. ఆదివారం సాయంత్రానికి రెండు బుష్షులూ చీలిపోయాయి. రబ్బరు బుష్షు లోపలి గొట్టం బోల్టుతో కదలకుండా బిగిసిపోతుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడేది రబ్బరు మెలిక తిరగడం వల్లే. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీద నిలబడ్డ క్షణం నుంచే ఆ రబ్బరు మెలికపడి ఉంటుంది. ట్రాక్ మీద ఇంకెంత మెలికపడుతుందో ఊహించుకోండి. అందుకే బోల్టులు చేత్తో పట్టించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, ఒకసారి ముందు భాగాన్ని పైకీ కిందికీ ఊపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. ఎంత టార్కో సర్వీసు మాన్యువల్లో ఉంటుంది. ఆ కస్టమరు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇక టైరు బయటి అంచు. మీ కారు ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు రూపొందించాడు, 1950లో ఇంగ్లండ్ ఫోర్డ్ కార్లతో అందరికీ తెలిసింది. పై ఆర్మ్ ఉండదు. చోటు తక్కువ, ఖర్చు తక్కువ, అందుకే మారుతి 800 నుంచి ఇప్పటి చిన్న కార్ల దాకా అందరూ ఇదే వాడారు. దీని బలహీనత ఒకటుంది. మలుపులో బండి పక్కకి ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దాదాపు బాడీతో పాటే ఒరిగిపోతుంది. రెండు ఆర్మ్‌ల సస్పెన్షన్ అయితే చక్రాన్ని నిలువుగా ఉంచడానికి ప్రయత్నిస్తుంది, స్ట్రట్‌కి ఆ శక్తి తక్కువ. దాంతో టైరు బయటి భుజం మీద నడుస్తుంది, లోపలి సగం రోడ్డుని సరిగా తాకదు. మీ ముక్కు బయటికి పోతున్నది అందుకే. స్టీరింగ్ ఇంకా తిప్పితే ఆ భుజం ఇంకా అరుగుతుంది తప్ప బండి తిరగదు.

దీనికి మందు నెగెటివ్ క్యాంబర్. అంటే బండి నిలబడి ఉన్నప్పుడే చక్రం పై భాగాన్ని కాస్త లోపలికి వాల్చి పెట్టడం. మలుపులో ఒరిగాక అది నిటారుకి దగ్గరగా వస్తుంది. స్విఫ్ట్‌లో కంపెనీవాళ్లు సర్దుకోవడానికి ఇచ్చింది టో ఒక్కటే, క్యాంబర్‌కి ఏర్పాటు లేదు. కానీ స్ట్రట్ కింది భాగం నకుల్‌కి (చక్రం బేరింగ్‌ని మోసే ఇనుప దిమ్మ) రెండు బోల్టులతో బిగుస్తుంది కదా, ఆ రెండూ కాస్త వదులు చేసి, చక్రం పైభాగాన్ని లోపలికి నొక్కిపట్టి బిగిస్తే బోల్టు రంధ్రాల్లో ఉన్న ఖాళీ మేరకు కొంత క్యాంబర్ ఉచితంగా వస్తుంది. అది చాలకపోతే క్యాంబర్ బోల్టులు. ఇవి మామూలు బోల్టు కంటే సన్నంగా, మధ్యలో గుడ్డు ఆకారపు ఉబ్బుతో ఉంటాయి. ఒక డిగ్రీ, డిగ్రీన్నర వరకు ఇస్తాయి. సన్నవి కాబట్టి వాటి ప్యాకెట్ మీద రాసిన టార్కే వాడాలి, మొదటి ఆటోక్రాస్ తర్వాత మళ్లీ చూసుకోవాలి. గట్టిగా తగిలిన గుంతకి జారే గుణం వాటికి ఉంది. మీలా ఆఫీసుకీ వెళ్లే కారుకి ముందు మైనస్ 1.5 నుంచి 2 డిగ్రీలు చాలు. ట్రాక్ కోసమే ఉంచిన కార్లు 3 దాకా వెళతాయి, దానికి పైన క్యాంబర్ ప్లేట్లు కావాలి. వాటిలో రబ్బరు ఉండదు, మన రోడ్డు మీద చప్పుడు భరించలేరు.

కొలవడానికి కంప్యూటర్ అలైన్‌మెంటే అక్కర్లేదు. తాపీ మేస్త్రీ గుండు ఒకటి అరువు తెచ్చుకోండి. చదునైన నేల మీద బండి పెట్టి, గుండు దారం చక్రం పక్కగా వేలాడదీసి, రిమ్ము పై అంచు దగ్గర ఒకసారి, కింది అంచు దగ్గర ఒకసారి దారానికి దూరం కొలవండి. ఆ రెండు అంచుల మధ్య ఎత్తు 400 మిల్లీమీటర్లయితే, 7 మిల్లీమీటర్ల తేడా అంటే 1 డిగ్రీ. క్యాంబర్ మారిస్తే టో తప్పకుండా మారుతుంది. కాబట్టి క్యాంబర్ మొదట, టో చివర. ఈ వరస తప్పితే వారం రోజుల్లో కొత్త టైరు లోపలి అంచు తినేస్తుంది, అప్పుడు క్యాంబర్‌ని తిడతారు. పాపం టైరుని ఎక్కువగా తినేది క్యాంబర్ కాదు, తప్పు టో.

17 అంగుళాల చక్రాలు వద్దు. మీ వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14. అదే ఏడాది జెడ్‌ఎక్స్ఐకి ఇచ్చింది 185/65 ఆర్15. లెక్క వేసి చూడండి, మొత్తం వ్యాసంలో తేడా 2 మిల్లీమీటర్లే. స్పీడోమీటర్ తప్పదు, గేరింగ్ మారదు, ఫెండర్‌కి తగలదు. కానీ టైరు గోడ 132 నుంచి 120 మిల్లీమీటర్లకి తగ్గుతుంది, ముఖం 20 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. ఆ పాత పొడుగు గోడ మలుపులో మడత పడటం కూడా మీ ముక్కు జారడంలో భాగమే. వాడిన 15 అంగుళాల కంపెనీ రిమ్ములు దొరికితే తీసుకుని, డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి. గాలి ఎంత పెట్టాలో సుద్దముక్క చెబుతుంది. టైరు భుజం మీద సుద్దతో అడ్డగీత గీసి ఒక రౌండు నడిపి రండి. గీత పక్కగోడ మీది చిన్న త్రికోణం గుర్తు దాటి చెరిగిపోతే గాలి తక్కువ. గుర్తుకి చాలా పైనే ఆగితే ఎక్కువ.

ఇప్పుడు స్ప్రింగులు. షాపులో "గట్టిది" అంటారు, ఎంత గట్టిదో అడిగితే చెప్పరు. చిన్న లెక్క చెబుతాను. మీ కారు మీతో కలిపి 1,030 కిలోల దగ్గర ఉంటుంది. ముందు వైపు 62 శాతం అనుకుంటే ఒక్కో ముందు చక్రం మీద 320 కిలోలు. అందులో చక్రం, బ్రేకు, నకుల్ బరువు 35 తీసేస్తే స్ప్రింగు మోసేది 285 కిలోలు. ఇంటి కారు ముందు భాగం సెకనుకి 1.3 సార్లు ఊగేలా ఉంటే హాయిగా ఉంటుంది, దానికి మిల్లీమీటరుకి 1.9 కిలోల స్ప్రింగు, అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి 1.9 కిలోల బరువు కావాల్సినది, చాలు. సెకనుకి 1.8 సార్లు అంటే ఆటోక్రాస్‌కి బిగువుగా, ఆఫీసుకి ఓర్చుకోదగ్గట్టుగా ఉంటుంది. దానికి 3.7 కిలోలు. మార్కెట్లో కాయిలోవర్ కిట్లలో ముందు స్ప్రింగు 6, 7 కిలోలు ఉండటం మామూలే. 7 కిలోలంటే సెకనుకి దాదాపు రెండున్నర సార్లు. నున్నటి ట్రాక్, జిగురు టైర్లు ఉన్నవాళ్లకి అది సరే. మీ టైర్లకి, మీ రోడ్డుకి అది ఎగిరెగిరి పడే బండి. ఎగిరినప్పుడు టైరుకి పట్టు ఉండదు.

స్ప్రింగు మారిస్తే షాకబ్జర్లు దానికి తగినవి కావాలి. కంపెనీ షాకబ్జరు కంపెనీ స్ప్రింగుకే లెక్క కట్టింది. గట్టి స్ప్రింగు నొక్కుడు నుంచి తిరిగి లేచే వేగాన్ని అది ఆపలేదు. ఆటోక్రాస్‌లో కోన్ల మధ్య ఎడమ, కుడి, ఎడమ అని వెంటవెంటనే తిప్పేటప్పుడు ఇదే బయటపడుతుంది. మీ పాత షాకబ్జర్లు నూనె మార్చి రీకండిషన్ చేసిస్తామనేవాళ్లకి నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఎత్తు దించడం గురించి. అందరూ రెండంగుళాలు అడుగుతారు, ఫోటోలో బాగుంటుంది. పక్క నుంచి వంగి మీ లోయర్ ఆర్మ్ చూడండి. బాడీ దగ్గర నుంచి చక్రం వైపుకి కాస్త కిందికి వాలి ఉంటుంది. బండిని బాగా దించితే అది అడ్డంగా అయిపోయి, ఆ తర్వాత చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పటి నుంచి చక్రం నొక్కుకున్నకొద్దీ ఆర్మ్ కొస లోపలికి లాగి, మీరు డబ్బు పెట్టి తెచ్చుకున్న క్యాంబర్‌ని వెనక్కి తీసేసుకుంటుంది. పైగా రోల్ సెంటర్ అనే ఊహా బిందువు బండి దిగినదానికంటే ఎక్కువ దిగిపోతుంది, కాబట్టి కిందికి దించిన బండి అదే స్ప్రింగుల మీద ముందు కంటే ఎక్కువ ఒరగవచ్చు. ఇది చెబితే కుర్రాళ్లు నవ్వుతారు. బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే దిమ్మ) మీద కూర్చున్న బండి సంగతి కూడా ఇంతే. 20 నుంచి 25 మిల్లీమీటర్లు దించండి, ఆగండి.

స్ట్రట్ బార్ అందంగా ఉంటుంది, ఇప్పుడు అవసరం లేదు. లావు స్టెబిలైజర్ బార్ ముందు చక్రాల వైపు వేయించొద్దు. ముందు చక్రాలే లాగే బండిలో ముందు బార్ గట్టిపడితే బయటి టైరు మీద భారం ఇంకా పెరుగుతుంది, లోపలి టైరు తేలిపోయి మలుపు బయటికి వచ్చేటప్పుడు ఉత్తినే తిరుగుతుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అక్కడే ఉంది కిటుకు. ఒరగడం తగ్గి క్యాంబర్ నిలవడం వల్ల ముందు బార్ కూడా లాభం చేసిన కార్లు నేను చూశాను, కాదనను, కానీ అది క్యాంబర్ పెట్టడానికి దారి లేని చోట చేసే పని. మీకు దారి ఉంది. బార్ వేయాలనుంటే వెనక వేయండి. మలుపులో లోపలి వెనక చక్రం నేల వదిలి లేస్తే భయపడకండి, ఇలాంటి కార్లలో ముక్కు తిరుగుతోందనడానికి అదే గుర్తు.

మొత్తానికి వరస ఇది: అరిగినవి కొత్తవి, బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, 15 అంగుళాల టైర్లు, క్యాంబర్, టో. 70 వేలలో ఇవన్నీ అయి, కొంత మిగులుతుందనే నా లెక్క. దానితో ఒక సీజన్ నడపండి. ఆ తర్వాత షాకబ్జర్లు, 3.5 నుంచి 4 కిలోల స్ప్రింగులు. బ్రేకులు మీరు అడగలేదు గానీ, శ్రీపెరుంబుదూరు ట్రాక్ 3.7 కిలోమీటర్లు, మూడో ల్యాప్‌లో పాత బ్రేక్ ఫ్లూయిడ్ మరిగితే పెడల్ నేలకి తగులుతుంది. అప్పుడు క్యాంబర్ ఎంతో గుర్తుకు రాదు.

ఇంకొకటి. మామూలు కారు బీమా పాలసీల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లకి కవరేజీ ఉండదని స్పష్టంగా రాసి ఉంటుంది. ట్రాక్ మీద గోడకి తగిలితే ఆ ఖర్చు మీదే. రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బాగా దించిన కారు, బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు పోలీసుల కంట్లో ముందు పడతాయి.

ప్రశ్న: మా అబ్బాయి పోలో కారు ముందు స్ప్రింగులు ఒక్కో చుట్టు గ్యాస్ కట్టర్‌తో కోయించాడు. రేసు కార్లన్నీ ఇంతే అంటున్నాడు. నాకు కార్ల గురించి తెలీదు, కానీ ఎక్కితే నడుము పట్టేస్తోంది. ప్రమాదమా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: ప్రమాదమే మాస్టారూ. మీ నడుము అబద్ధం చెప్పట్లేదు. స్ప్రింగు ఉక్కుకి బలం వచ్చేది దాన్ని వేడి చేసి చల్లార్చిన పద్ధతి వల్ల. గ్యాస్ మంట తగిలిన చోట ఆ బలం పోతుంది. పాలకుండలో నిమ్మరసం చుక్క పడ్డట్టే, మళ్లీ వెనక్కి రాదు. రెండోది, స్ప్రింగు కొస స్ట్రట్ మీద ఉన్న పళ్లెంలో ఒక గాడిలో కూర్చోవాలి. కోసిన కొస కూర్చోదు. గుంతలో చక్రం కిందికి జారినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై, తిరిగి పైకి వచ్చేటప్పుడు పక్కన కూర్చుంటుంది. పనిచేసే చుట్లు అయిదుంటే ఒకటి కోస్తే స్ప్రింగు 25 శాతం గట్టిపడుతుంది. అదే సమయంలో చక్రం ఆడే చోటు తగ్గిపోతుంది. దాంతో ప్రతి గుంతకీ బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది, ఆ దెబ్బే మీ నడుముకి చేరుతోంది. మలుపులో ఆ దెబ్బ తగిలిన క్షణంలో ముందు టైరు పట్టు ఒక్కసారిగా వదిలేస్తుంది. వానలో మీ ఘాట్ రోడ్ల మీద అది జరగకూడదు.

కొత్త స్ప్రింగుల జత వేయించే దాకా ఆ కారు బయటికి తీయనివ్వకండి. అబ్బాయిని మాత్రం మరీ తిట్టొద్దు. నేను 19వ ఏట మా మేస్త్రీ కారుకి ఇదే పని చేసి చెంపదెబ్బ తిన్నాను. ఫోక్స్‌వ్యాగన్ 2010లో మన దేశంలో పోలో కప్ రేసులు మొదలుపెట్టింది. ఆ కార్లకి వేసినవి రేసు కోసం తయారైన స్ప్రింగులు, షాకబ్జర్లు. కోసినవి కావు. ఈ ఒక్క ముక్క అబ్బాయికి చదివి వినిపించండి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో ఏడు. నాన్నగారి గ్రాండ్ ఐ10తో ఆటోక్రాస్ లేడీస్ క్లాస్‌లో నడుపుతున్నాను. లోయర్ ఆర్మ్‌కి రబ్బరు బదులు పాలీయురేథేన్ బుష్షులు వేస్తే స్టీరింగ్ చురుగ్గా ఉంటుందంటున్నారు. వేయించనా?
– విజయవాడ

జవాబు: మా ఆటోనగర్ అమ్మాయివి, సంతోషం. ఒకటి వేయించమ్మా, రెండోది వద్దు. నీ లోయర్ ఆర్మ్‌కి ముందొకటి, వెనకొకటి బుష్షులున్నాయి కదా. ముందు బుష్షు తలుపు బందులా ఒకే దిక్కుకి తిరుగుతుంది, అక్కడ పాలీ బుష్షు చక్కగా పనిచేస్తుంది. వెనక బుష్షు అలా కాదు. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు అక్కడ వంపు, మెలిక రెండూ కలిసి పడతాయి. రబ్బరు ఆ రెంటికీ సాగుతుంది. గట్టి పాలీ సాగదు, పట్టేస్తుంది. సస్పెన్షన్ పట్టేస్తే అది స్ప్రింగు గట్టిపడ్డట్టే, పైగా ఎంత గట్టిపడిందో ఎవరూ లెక్క కట్టలేరు. అక్కడ కొత్త కంపెనీ రబ్బరే వేయించు.

ఇంకో తేడా ఉంది. రబ్బరు బుష్షు మెలిక తిరుగుతుంది, పాలీ బుష్షు గొట్టం మీద జారుతుంది. జారాలంటే గ్రీజు కావాలి. వాళ్లు ఇచ్చిన సిలికాన్ గ్రీజే వాడాలి, మామూలు వీల్ బేరింగ్ గ్రీజు వద్దు. ఆరు నెలలకి కీచుమంటే విప్పి మళ్లీ పెట్టుకోవాలి. నాన్నగారికి ఈ కీచు గురించి ముందే చెప్పు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. హోండా ఫిట్‌తో ఎస్‌సీసీఏ (ఇక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్) సోలో ఆటోక్రాస్‌లో స్ట్రీట్ కేటగిరీలో నడుపుతున్నాను. ముందు సస్పెన్షన్‌లో ఏం మార్చుకోవచ్చు?

జవాబు: మీ దగ్గర జవాబు నా చేతిలో కన్నా రూల్ బుక్కు చేతిలో ఎక్కువుంది. ఆ కేటగిరీలో స్ప్రింగులు కంపెనీవే ఉండాలి. షాకబ్జర్లు మార్చుకోవచ్చు. యాంటీ రోల్ బార్ (పైన చెప్పిన స్టెబిలైజర్ బారే) ముందుగానీ వెనకగానీ ఒక్కచోట మార్చుకోవచ్చు. ఫిట్ కూడా ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టార్షన్ బీమే (రెండు వెనక చక్రాల్నీ కలిపే మెలితిరిగే దూలం) కాబట్టి, హైదరాబాద్ స్విఫ్టుకి చెప్పిందే మీకూ: ఆ ఒక్క అవకాశాన్ని వెనక బార్‌కి వాడండి, మిగిలిన డబ్బు మంచి షాకబ్జర్లకి. ముందుకి ఇంకేమీ కొనకుండా టో మాత్రం రెండు వైపులా కలిపి ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి పెట్టి చూడండి. మలుపులోకి దూరడం వెంటనే తెలుస్తుంది, హైవే మీద మాత్రం స్టీరింగ్ కాస్త చపలంగా ఉంటుంది. ముందు ముందు ట్రాక్ రేసింగ్‌కి వెళ్లాలనుకుంటే, ఎస్‌సీసీఏ బీ స్పెక్ క్లాసులో ఫిట్ ఉంది.

ప్రశ్న: ఇంట్లోనే స్ట్రట్ విప్పి స్ప్రింగు మార్చుకుందామని ఉంది. యూట్యూబ్‌లో సులువుగానే కనిపిస్తోంది. చేయొచ్చా?
– రాజమహేంద్రవరం

జవాబు: స్ట్రట్‌ని బండి నుంచి కిందికి దించడం వరకు చేయొచ్చు. బానెట్ కింద పై మౌంట్‌ని పట్టుకునే నట్లు చుట్టూ రెండో మూడో ఉంటాయి, మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. చుట్టూ ఉన్నవి విప్పండి. మధ్య నట్టు జోలికి వెళ్లకండి. నొక్కుకుని ఉన్న స్ప్రింగుని పట్టుకుని ఉన్నది అదొక్కటే, అది ఊడితే మౌంట్ మొహం మీదికి వస్తుంది. నేను పనిచేసిన చోట ఒకాయనకి రెండు పళ్లు, ఒక చెవి సగం అలాగే పోయాయి. దించిన స్ట్రట్‌ని సంచిలో పెట్టుకుని, గోడకి బిగించిన పెద్ద స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షాపుకి తీసుకెళ్లండి. పావుగంట పని. అరువు తెచ్చుకున్న రెండు హుక్కుల కంప్రెసర్, తుప్పు పట్టిన మరలతో ఉన్నది, అస్సలు వద్దు.